ఐపీ ఫోన్ల ల్యాబ్ కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగం, చేతికి 36,000 వస్తుంది. ఇంటి ఖర్చులు 22,000. లక్ష రూపాయల చిట్టీ (20 నెలలు) కడుతున్నాను, ఇప్పటికి నాలుగు వాయిదాలు అయ్యాయి. బ్యాంకులో 60,000 ఉంది. ఇంటర్నెట్ ఫోన్ సిస్టమ్స్ నేర్చుకుని సిస్కో కొలాబరేషన్ సర్టిఫికేషన్ తెచ్చుకోవాలనుకుంటున్నాను. ఇంట్లో ల్యాబ్ పెట్టుకోవడానికి పాత సర్వర్, సిస్కో 2911 రూటర్, పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే ఫోన్లకు కరెంట్ ఇచ్చేది), నాలుగు సిస్కో 7960 ఫోన్లు కలిపి 1,20,000 చెబుతున్నారు. 16 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోనా, చిట్టీ పాడేయనా?

జవాబు: రెండూ వద్దు. 1,20,000 అప్పుకు 24 నెలల పాటు నెలకు దాదాపు 5,876 కట్టాలి. మొత్తం 1,41,000 అవుతుంది. ఖర్చులు, చిట్టీ పోగా మీకు మిగిలేదే 9,000. వాయిదా కట్టాక చేతిలో ఉండేది 3,100. చిట్టీ సంగతి చూద్దాం. 25 శాతం తగ్గించి పాడారనుకోండి, చేతికి 75,000 వస్తుంది. అందులో 20,000 మీరు కట్టిన డబ్బే. మిగిలిన 55,000 కోసం ఇంకా 16 వాయిదాలు కట్టాలి. డివిడెండ్ కొంత తగ్గిస్తుంది గానీ, బ్యాంకు అప్పు కంటే ఇది చవక అనుకోవద్దు.

అసలు లోపం వేరే ఉంది. మీ లెక్కలో పరీక్ష ఫీజు లేదు. సిస్కో సర్టిఫికేషన్ అయిన సీసీఎన్‌పీ కొలాబరేషన్‌కు రెండు పరీక్షలు రాయాలి. కోర్ పేపర్ (350-801) 400 డాలర్లు, ఎంచుకునే రెండో పేపర్ 300 డాలర్లు. డాలర్‌కు 90 రూపాయలు వేసుకుని 18 శాతం పన్ను కలిపితే మొదటిది 42,480, రెండోది 31,860. రెండూ కలిపి 74,340. ఒకసారి తప్పితే ఆ ఫీజు మళ్లీ కట్టాలి. ఇనుప సామాను కొని, పరీక్షకు డబ్బు లేక కూర్చోవడం మీ పథకంలో ఉన్న అసలు ప్రమాదం.

మీ 9,000ను ఇలా పంచండి: 4,000 పరీక్ష పేరుతో రికరింగ్ డిపాజిట్‌కు, 3,000 అత్యవసర నిధికి, 2,000 ల్యాబ్‌కు. 11 నెలల్లో కోర్ పేపర్ ఫీజు సమకూరుతుంది. అత్యవసర నిధి 93,000 అవుతుంది, నాలుగు నెలల ఖర్చులకు సరిపోతుంది. (మా వృత్తిలో సిప్ అంటే నెలనెలా పెట్టే మదుపు, మీ వృత్తిలో కాల్ కలిపే ప్రోటోకాల్. ఈ ఏడాది మీకు రెండూ కావాలి.)

మొదటి రెండు నెలలు ల్యాబ్‌కు రూపాయి అక్కర్లేదు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. 8 జీబీ ఉంటే ర్యామ్ పెంచుకోవడమే మొదటి ఖర్చు. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) రెండు కోర్లు, 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్‌తో డెబియన్ 12 (లినక్స్) మిషన్ పెట్టి, దాని మీద ఫ్రీపీబీఎక్స్ 17 అనే ఉచిత ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించండి. నెట్‌వర్క్ సెట్టింగ్ ‘బ్రిడ్జ్‌డ్’ పెట్టాలి, అప్పుడే ఆ మిషన్ మీ ఇంటి నెట్‌వర్క్‌లో నేరుగా కనిపిస్తుంది. ‘న్యాట్’ సెట్టింగ్‌లోనే (మిషన్‌ను ల్యాప్‌టాప్ వెనక దాచేది) వదిలేస్తే ఫోన్లు సర్వర్‌లో రిజిస్టర్ కావు, ఒకవేళ అయినా ఒకవైపు మాటే వినిపిస్తుంది. 1001, 1002 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్ నంబర్లు) తెరిచి, ఇంట్లోని రెండు మొబైళ్లలో లిన్‌ఫోన్ అనే కాలింగ్ యాప్ వేసి కాల్ చేయండి. రెండూ ఒకే వైఫైలో ఉన్నా సర్వర్‌ను చేరకపోతే రూటర్‌లో ‘ఏపీ ఐసొలేషన్’ (వైఫైలోని పరికరాలు ఒకదాన్నొకటి చేరకుండా ఆపేది) ఆన్‌లో ఉందేమో చూడండి. సిప్ ఏఎల్‌జీ (కాల్ సందేశాలను రూటర్ మార్చే సెట్టింగ్) కూడా ఆపేయండి.

నెట్‌వర్క్‌లో పోయే సందేశాలను చూపే వైర్‌షార్క్‌లో ఆ కాల్‌ను చూడటమే అసలు చదువు. ఫోన్ రిజిస్టర్ కాబోతే సర్వర్ నుంచి 401 అనే జవాబు కనిపిస్తే పాస్‌వర్డ్ తప్పని కంగారు పడకండి. సర్వర్ పాస్‌వర్డ్ అడగడం అది, మామూలే. 403 వస్తే సర్వర్ తిరస్కరించిందని, ఆలోచించాలి. 488 వస్తే రెండువైపులా కోడెక్‌లు (మాటను డేటాగా మార్చే పద్ధతులు) కుదరలేదని అర్థం. జీ.711 అనే కోడెక్‌తో చేసే కాల్ ఈథర్‌నెట్ మీద ఒక్కో దిశలో సెకనుకు దాదాపు 87 కిలోబిట్లు తింటుంది. మీరే కొలిచి చూడండి.

సిస్కో వారి ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ అయిన కాల్ మేనేజర్ కోసం టొరెంట్‌లో దొరికే దొంగ కాపీల జోలికి పోవద్దు. సిస్కో వారి ఆన్‌లైన్ ల్యాబ్ అయిన డెవ్‌నెట్ శాండ్‌బాక్స్‌లో కొలాబరేషన్ ల్యాబ్‌ను ఉచితంగా బుక్ చేసుకోవచ్చు.

మూడో నెల నుంచి సామాను ఒక్కొక్కటిగా కొనండి, మొత్తం పరిమితి 18,000. ఆ 7960లు మాత్రం వద్దు. అవి సిస్కో పాతకాలపు కరెంట్ పద్ధతినే అర్థం చేసుకుంటాయి. 802.3ఏఎఫ్ (ప్రామాణిక పీఓఈ) స్విచ్‌లో పెడితే వెలగవు, అడాప్టర్ విడిగా కొనాలి. 7941, 7961 మోడళ్లు అయితే రెండు పద్ధతులూ నడుస్తాయి. రెండు ఫోన్లు చాలు. వాటికి డీహెచ్‌సీపీలో (ఫోన్లకు ఐపీ అడ్రస్ ఇచ్చే సేవ) ఆప్షన్ 150 ఇవ్వడం మరవకండి, లేకపోతే సెట్టింగ్ ఫైళ్లు ఇచ్చే టీఎఫ్‌టీపీ సర్వర్ దొరక్క అక్కడే తిరుగుతుంటాయి. రూటర్ కొంటే అమ్మేవాడి ఎదుటే ‘షో లైసెన్స్’ కొట్టించి యూసీ (ఫోన్ సదుపాయాల) లైసెన్స్ ఉందో లేదో చూడండి. పీవీడీఎం3 (రూటర్‌లో పెట్టే వాయిస్ మాడ్యూల్) లేకపోతే కోడెక్ మార్పిడి, హార్డ్‌వేర్ కాన్ఫరెన్స్ చేయలేరు. అనలాగ్ ఫోన్‌కు ఎఫ్ఎక్స్ఎస్ కార్డు, బయటి లైన్‌కు ఎఫ్ఎక్స్ఓ. అంగట్లో ఈ రెండింటినీ మార్చి అంటగట్టడం మామూలే.

సర్వర్ అసలు కొనకండి. రూటర్, స్విచ్‌తో కలిపి 200 వాట్లు రోజంతా తింటే నెలకు 144 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 1,152. ఇంకో మాట: మీ ఇంటికి గృహజ్యోతి (ఉచిత కరెంట్ పథకం) వర్తిస్తుంటే 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు మీదే. చదివేటప్పుడే ఆన్ చేసి, తర్వాత ఆపేయండి.

ఇంట్లో 5060 పోర్ట్‌ను (సిప్ కాల్స్ వచ్చే దారి) ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టవద్దు. సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ ద్వారా బయటి నంబర్లకు కాల్ చేసే లైన్) తీసుకుంటే ప్రీపెయిడ్‌గా కొద్ది మొత్తమే వేసుకుని, ఆటో రీచార్జి ఆపండి. ఎవరైనా చొరబడి విదేశాలకు కాల్స్ చేస్తే ఆ నష్టం మీదే. విదేశీ కాల్స్‌ను ఇక్కడి సిమ్ గేట్‌వే (ఇంటర్నెట్ కాల్‌ను సిమ్ కార్డు ద్వారా లోకల్ కాల్‌గా మార్చే పెట్టె) ద్వారా దింపితే డబ్బులిస్తామని ఎవరైనా వస్తే పలకకండి. లైసెన్స్ లేకుండా అది నేరం.

పన్ను మినహాయింపు ఆశ పెట్టుకోవద్దు. జీతం మీద బతికేవారికి ఈ ఖర్చు తగ్గించుకునే వీలు లేదు. చిట్టీని చివరిదాకా లాగండి. ఆ డబ్బుతో రెండో పేపర్ రాయవచ్చు.