ఎన్నారై సందేహాలు: కంపెనీ గుట్టు రాష్ట్రం చేతిలో, మన డబ్బు కంపెనీ చేతిలో

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి వచ్చి ఎనిమిది నెలలైందండీ. గుళ్లో పరిచయమైన మనవాళ్లే ఒకాయన నెలకు 500 డాలర్లతో ఐయూఎల్ (షేర్ మార్కెట్ సూచీకి ముడిపెట్టిన జీవిత బీమా) పాలసీ తీసుకోమంటున్నారు. కంపెనీ ఆర్థిక పరిస్థితి ఎలా ఉందని అడిగితే, "ఆ లెక్కలన్నీ స్టేట్ దగ్గర కాన్ఫిడెన్షియల్‌గా ఉంటాయి, మనకివ్వరు" అన్నారు. నిజమేనా? నేనే రాష్ట్రానికి రాస్తే నా పేరు కంపెనీకి తెలిసిపోతుందా?

జవాబు: సగం నిజం, సగం అమ్మకం తమ్ముడూ. రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ దగ్గర తాళం వేసిన కాగితాలున్న మాట వాస్తవమే. కానీ సంతకం పెట్టే ముందు మీరు చూడాల్సినవి ఆ తాళం లోపల లేవు. చాలావరకు బయటే ఉన్నాయి, అదీ ఉచితంగా.

ముందు డబ్బు సంగతి. నెలకు 500 అంటే ఏడాదికి 6,000, పదేళ్లకు 60,000. కాస్ట్‌కోలో నాలుగు డాలర్ల తేడా కోసం రెండు ఊళ్లు తిరిగే మనవాళ్లు, అరవై వేల కాగితం మీద మాత్రం సమోసాలు చల్లారేలోపు సంతకం పెట్టేస్తారు. "మనవాడే కదా" అన్నది గ్యారంటీ అనుకుంటారు. అది పరిచయం మాత్రమే.

కొత్తగా వచ్చినవాళ్లం అందరం మొదట తట్టేది తప్పు తలుపే. ఇండియాలో బీమా కంపెనీలన్నిటికీ పెద్ద ఐఆర్‌డీఏఐ ఒక్కటే, ఆఫీసు మన గచ్చిబౌలి దగ్గరే. పది రూపాయలు కట్టి ఆర్టీఐ కింద అడిగితే 30 రోజుల్లో ఏదో ఒక జవాబు చెప్పాలి. ఆ అలవాటుతో ఇక్కడ వాషింగ్టన్‌కి ఫోయా (ఇక్కడి ఫెడరల్ సమాచార హక్కు చట్టం) అర్జీ పంపిస్తారు. దండగ. 1945 నాటి మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టంతో బీమా మీద అదుపు రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయింది, ఫెడరల్ ఫోయా రాష్ట్ర శాఖలకు వర్తించదు. కాన్సాస్ సిటీలో ఉండే ఎన్‌ఏఐసీ కూడా రాష్ట్రాల బీమా కమిషనర్ల సంఘమే తప్ప ప్రభుత్వ శాఖ కాదు, కాబట్టి ఫోయాతో అక్కడా పని జరగదు. మీరు అడగాల్సింది టెక్సాస్ ఇన్సూరెన్స్ శాఖను, టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద. అది గవర్నమెంట్ కోడ్ 552వ అధ్యాయం, ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు.

ఇక తాళం లోపల ఏముందో చెబుతాను. కంపెనీ తనకు రాగల ముప్పుల గురించి తానే రాసుకునే ఓర్సా నివేదిక, బోర్డు ఎలా నడుస్తోందో చెప్పే వార్షిక పత్రం, గ్రూపు మొత్తానికి పొంచి ఉన్న నష్టాల గురించి ఇచ్చే ఫామ్ ఎఫ్, తనిఖీకి వచ్చిన అధికారుల వర్కింగ్ పేపర్లు. వీటికి గోప్యత చాలా గట్టిది. ఓర్సా మీద ఎన్‌ఏఐసీ 2012లో తెచ్చిన నమూనా చట్టం ప్రకారం సమాచార చట్టం కింద ఇవ్వరు, కోర్టు సమన్లకూ ఇవ్వరు, ప్రైవేటు దావాలో సాక్ష్యంగానూ పనికిరాదు. ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రంతో ఆ కాగితం పంచుకున్నా గోప్యత పోదు.

ఇదంతా కంపెనీలను కాపాడటానికే అని మనవాళ్లు కోప్పడతారు. కొంత నిజమే, ధర కట్టే లెక్కలు పోటీవాడి చేతిలో పడకూడదన్నది ఒక కారణం. రెండోది మన డబ్బుకు సంబంధించినది. "ఈ ఏడాది మాకు కాస్త ఇరుకుగా ఉండొచ్చు" అని కంపెనీ అధికారి దగ్గర ఒప్పుకున్న ముక్క మర్నాడు వాట్సాప్‌లో తిరిగితే పాలసీదార్లందరూ సరెండర్‌కి, అంటే పాలసీ వదిలేసి డబ్బు వెనక్కి తీసుకోవడానికి, ఎగబడతారు. ఇరుకు కాస్తా దివాలా అవుతుంది. బయటపడుతుందని తెలిస్తే కంపెనీ అసలు ఒప్పుకోదు.

అందరూ తికమకపడేది ఆర్‌బీసీ దగ్గర. అంటే కంపెనీ మోస్తున్న రిస్కుకు తగినంత మూలధనం ఉందా లేదా అన్న కొలత. ఆర్‌బీసీ రిపోర్టు గోప్యం. కానీ ఆ లెక్క తుది ఫలితంగా వచ్చే రెండు అంకెలు కంపెనీ వార్షిక స్టేట్‌మెంట్‌లో 'ఫైవ్-ఇయర్ హిస్టారికల్ డేటా' పేజీలో బహిరంగంగానే ఉంటాయి: 'టోటల్ అడ్జస్టెడ్ క్యాపిటల్', 'ఆథరైజ్డ్ కంట్రోల్ లెవెల్'. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 200 శాతం కంటే దిగితే కంపెనీ తానే దిద్దుబాటు ప్రణాళిక ఇవ్వాలి. 150 కంటే దిగితే శాఖ ఆదేశాలిస్తుంది, 100 కంటే దిగితే పగ్గాలు తీసుకోవచ్చు, 70 కంటే దిగితే తీసుకోవాల్సిందే. అలాగని 900 ఉన్న కంపెనీ 600 ఉన్నదానికంటే గొప్పదని లెక్కకట్టకండి. అది ప్రమాద గంట, ర్యాంకుల పట్టిక కాదు. అందుకే ఆ అంకె చూపించి పాలసీ అమ్మడాన్ని ఆర్‌బీసీ నమూనా చట్టం ఏజెంట్లకు నిషేధించింది. మీ ఏజెంటుగారు ఆ అంకె చెప్పకపోతే తప్పుపట్టకండి. "ఇవ్వరు" అన్నది మాత్రం తప్పే.

అలాగే ఇంకోటి. కంపెనీ మునిగితే ఆదుకునే రాష్ట్ర గ్యారంటీ సంఘం గురించి చెప్పి అమ్మడం కూడా నిషేధమే. టెక్సాస్‌లో లైఫ్ పాలసీకి మరణ ప్రయోజనం మీద 300,000, క్యాష్ వాల్యూ (పాలసీలో పోగైన డబ్బు) మీద 100,000 డాలర్లు హద్దు. "స్టేట్ గ్యారంటీ ఉందండీ" అంటూ ఎవరైనా మొదలుపెడితే ఆ టీ అక్కడే పెట్టేసి లేచి రండి.

వార్షిక స్టేట్‌మెంట్ ఏటా మార్చి 1కి, ఆడిట్ అయిన లెక్కలు జూన్ 1కి శాఖకు చేరాలి. చాలా కంపెనీలు తమ సైట్‌లోనే పెడతాయి, పెట్టకపోతే ఏజెంటునే పీడీఎఫ్ అడగండి. బీమా కంపెనీలకు మార్కులేసే ఏఎం బెస్ట్ సంస్థ రేటింగ్ చూపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: అక్కడ మొదటి మెట్టు ఏ ప్లస్ ప్లస్. ఏ మైనస్ నాలుగో మెట్టు. మన స్కూలు మార్కుల లెక్క కాదు.

ఇప్పుడు కూర్చుని చేయాల్సిన పని. ముందు కంపెనీ అసలు పేరు పట్టుకోండి. ఇక్కడే సగంమంది దారి తప్పుతారు. బోర్డు మీద ఒక పేరుంటుంది, పాలసీ రాసే కంపెనీ ఇంకోటి. టెక్సాస్‌లో ఇంటి పాలసీ రాసేది స్టేట్ ఫార్మ్ లాయిడ్స్, కాలిఫోర్నియాలో స్టేట్ ఫార్మ్ జనరల్. గొడుగు ఒకటే అయినా బ్యాలెన్స్ షీట్లు వేరు. ఇలస్ట్రేషన్ (పాలసీలో డబ్బు ఏటా ఎలా పెరగొచ్చో చూపించే కాగితం) అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పూర్తి పేరు రాసుకోండి. దానికి అయిదంకెల ఎన్‌ఏఐసీ కోడ్ ఉంటుంది, పేరుకంటే దాంతో వెతకడం నయం.

ఎన్‌ఏఐసీ సైట్‌లో కన్స్యూమర్ ఇన్సూరెన్స్ సెర్చ్‌లో ఆ కోడ్ కొడితే ఫిర్యాదుల సూచీ వస్తుంది. 1.00 అంటే కంపెనీ సైజుకు తగినన్ని ఫిర్యాదులు. 2.00 అంటే రెట్టింపు. ఒక్క ఏడాది చూసి వదిలేయకండి, మూడేళ్లు చూడండి, అదీ లైఫ్‌కి విడిగా. కారు ఫిర్యాదులతో మీకు పనిలేదు. చిన్న కంపెనీకి రెండు ఫిర్యాదులొచ్చినా సూచీ ఎగిరిపోతుంది కాబట్టి పక్కనే ఉన్న ఫిర్యాదుల సంఖ్యా చూడండి. ఏజెంటు లైసెన్సు రాష్ట్ర శాఖ సైట్‌లో కనబడుతుంది, అది చూడటం రెండు నిమిషాల పని.

అసలు గని సెర్ఫ్ ఫైలింగ్ యాక్సెస్. కంపెనీలు రేట్లనూ పాలసీ పత్రాలనూ రాష్ట్రాలకు దాఖలు చేసే వ్యవస్థకు ఇది జనం చూసే కిటికీ. ఫ్లోరిడా లాంటి కొన్ని రాష్ట్రాలకు సొంత వెతుకులాట సైటుంది. మీ పాలసీ నమూనా అడిగి తీసుకుని మొదటి పేజీ అడుగున ఉన్న ఫామ్ నంబరు చూడండి. ఐసీసీ అనే అక్షరాలతో మొదలైతే అది రాష్ట్రాల ఉమ్మడి సంస్థ అయిన ఇన్సూరెన్స్ కాంపాక్ట్ ఆమోదించింది. అప్పుడు టెక్సాస్ పేజీలో ఎంత గాలించినా దొరకదు, కాంపాక్ట్ పేజీలో వెతకాలి. ఇది తెలియక "దాచేశారు" అనుకునేవాళ్లు చాలామంది. ఫైలు తెరిచాక పాలసీ పత్రంతో ఆగకండి. కరస్పాండెన్స్ అనే భాగంలో అధికారి లేవనెత్తిన అభ్యంతరాలూ, కంపెనీ చెప్పుకున్న సమాధానాలూ ఉంటాయి. అమ్మేవాడు గంట మాట్లాడినా బయటికి రాని సంగతి అక్కడ రెండు పేరాల్లో దొరుకుతుంది. ధర ఎలా కట్టారో చెప్పే యాక్చువరీ మెమో ఒక్కోసారి ఉండదు, ట్రేడ్ సీక్రెట్ అని పక్కన పెట్టి ఉంటారు.

కాలిఫోర్నియాలో కారు, ఇల్లు పాలసీలకు ఆ సాకు కూడా పెద్దగా చెల్లదు. 1988లో జనం ఓటేసి తెచ్చుకున్న ప్రపొజిషన్ 103 కింద ఇచ్చిన సమాచారం బహిరంగమేనని, ట్రేడ్ సీక్రెట్ అన్నా కుదరదని 2004లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు స్టేట్ ఫార్మ్ కేసులో చెప్పింది. లైఫ్ పాలసీకి అది వర్తించదు, టెక్సాస్‌కీ వర్తించదు. బే ఏరియా బావమరిది చెప్పాడని మీ అర్జీలో రాయకండి.

ఇవేవీ చాలకపోతే అర్జీ. "ఈ కంపెనీ మంచిదా?" అని రాస్తే జవాబు రాదు. శాఖ ఉన్న కాగితం ఇస్తుంది, ప్రశ్నలకు సమాధానం చెప్పదు, కొత్త పట్టిక తయారుచేయదు. ఇలా రాయండి: "ఫలానా కంపెనీ, ఎన్‌ఏఐసీ కోడ్ ఫలానా, గత మూడేళ్లలో మీరు జారీ చేసిన క్రమశిక్షణ ఉత్తర్వులు, పీడీఎఫ్ రూపంలో." తనిఖీ సాధారణంగా అయిదేళ్లకోసారైనా జరుగుతుంది. దాని తుది నివేదిక చాలా రాష్ట్రాల్లో బహిరంగమే గానీ టెక్సాస్‌లో అదీ గోప్యమే, అందుకే అర్జీలో అడగలేదు. ఎందుకని మిమ్మల్ని అడగకూడదు, వీసా ఏదని కూడా అడగరు. టెన్నెస్సీ, వర్జీనియా లాంటి చోట్ల మాత్రం చట్టం ఆ రాష్ట్ర పౌరులకే అంటుంది. ఆ హద్దు చెల్లుతుందని 2013లో అమెరికా సుప్రీంకోర్టు వర్జీనియా కేసులో తేల్చింది.

ఖర్చుకు భయపడక్కర్లేదు. కాగితం నకలు పేజీకి 10 సెంట్లు, 50 పేజీల లోపైతే మామూలుగా కూలీ వేయరు. 40 డాలర్లు దాటేలా ఉంటే ముందే అంచనా పంపాలి. ఆ అంచనాకు మీరు 10 పనిదినాల్లో జవాబివ్వకపోతే అర్జీ రద్దయినట్టే. వివరణ అడిగితే 61 రోజులు గడువు. స్పామ్ ఫోల్డర్ చూసుకోక మనవాళ్ల అర్జీలు చచ్చేది ఇక్కడే. కాగితం గోప్యమని శాఖ అనుకుంటే 10 పనిదినాల్లో అటార్నీ జనరల్‌ని అడగాలి. కంపెనీ వ్యాపార రహస్యమైతే కంపెనీకీ కబురు వెళుతుంది, వాదన పెట్టుకోవడానికి దానికి 10 పనిదినాలు. అటార్నీ జనరల్ 45 పనిదినాల్లో తేలుస్తాడు. అంటే రెండున్నర నెలలు పట్టినా పట్టొచ్చు. అంతవరకు సంతకం ఆపండి, అంతే. ఈలోగా పెట్టేసి ఉంటే పాలసీ చేతికి అందినప్పటినుంచి లెక్కపెట్టే ఫ్రీ-లుక్ గడువు చూసుకోండి, సాధారణంగా 10 రోజులకు తగ్గదు. ఆ లోపు తిప్పి పంపితే కట్టినది వెనక్కొస్తుంది.

అమ్మానాన్నలకు కొనే విజిటర్ ఇన్సూరెన్స్ సంగతి వేరు. వాటిలో చాలావరకు సర్‌ప్లస్ లైన్స్‌గా (రాష్ట్ర లైసెన్సు లేని కంపెనీ ప్రత్యేక అనుమతితో అమ్మే పాలసీగా) గానీ, విదేశీ కంపెనీ పేరుమీద గానీ వస్తాయి. చాలాచోట్ల అలాంటి పాలసీల రేట్లు దాఖలు చేయక్కర్లేదు, గ్యారంటీ సంఘం కూడా ఉండదు. సెర్ఫ్‌లో వెతికి లాభం లేదు. ఆఫీసు హెల్త్ ప్లాన్ సెల్ఫ్-ఫండెడ్ (వైద్య ఖర్చులు ఆఫీసే తన డబ్బుతో కట్టేది) అయితే అది కూడా రాష్ట్రం పరిధిలోది కాదు. 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం కింద లేబర్ శాఖ చూస్తుంది, ప్లాన్ దాఖలు చేసే ఫామ్ 5500 జనానికి ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది.

మీ పేరు సంగతి. సమాచారం అడిగే అర్జీ స్వయంగా ఒక ప్రభుత్వ కాగితమే, దాన్నీ ఇంకొకరు అడగొచ్చు. కంపెనీ మీద ఫిర్యాదైతే దాచే ప్రశ్నే లేదు, శాఖ దాన్ని కంపెనీకి పంపి 15 రోజుల్లో జవాబు అడుగుతుంది. పేరు లేకుండా కంపెనీ ఏ పాలసీ అని వెతుకుతుంది? మీ పేరు చూసి కంపెనీ ఏమీ అనదు గానీ, జతచేసే కాగితాల్లో జాగ్రత్త. ఇలస్ట్రేషన్ మీద పుట్టినతేదీ, అప్లికేషన్ మీద సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు డ్రాఫ్ట్ ఫామ్ మీద అకౌంటు నంబరు ఉంటాయి. పీడీఎఫ్‌లో నల్ల డబ్బా గీస్తే కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే బయటికొస్తాయి. కాగితం మీద ప్రింటు తీసి, మార్కర్‌తో రెండువైపులా కొట్టేసి, మళ్లీ స్కాన్ చేసి పంపండి. పాలసీ నంబరు మాత్రం కొట్టేయకండి, అది లేకపోతే ఫిర్యాదు కదలదు.