ఇగ్బోల సంప్రదాయ మతానికీ క్రైస్తవానికీ పోలికలున్నాయా?

ఉన్నాయి, అవి పైపై పోలికలు కావు. ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బోలు సృష్టికర్తను చుక్వు అంటారు. 1857లో అక్కడి ఒనిచా పట్టణంలో క్రైస్తవ మిషన్ మొదలైంది. ఇగ్బో క్రైస్తవులు నేటికీ బైబిల్ దేవుణ్ణి చుక్వు అన్న పేరుతోనే ప్రార్థిస్తారు.

నాకు బాగా లోతుగా అనిపించే పోలిక కోలా కాయ (నమిలి తినే ఒక చేదు గింజ) దగ్గర ఉంది. ఇంటికి అతిథి రాగానే పెద్దాయన ఆ కాయను చేతిలోకి తీసుకుని, దేవుణ్ణీ పూర్వీకులనూ తలచుకుని, ఆయుష్షు, సంతానం, శాంతి ఇమ్మని వేడుకుంటాడు. తర్వాత దాన్ని విరిచి అక్కడున్న అందరికీ పంచుతారు. చర్చిలో ప్రార్థన చేసి రొట్టె విరిచి పంచుకోవడానికి ఇది ఎంత దగ్గరో చూడండి.

కాథలిక్కులు పునీతులను వేడుకున్నట్టే ఇగ్బోలు పూర్వీకుల ద్వారా మొర పెట్టుకుంటారు. అయితే చనిపోయినవాళ్లు అదే వంశంలో మళ్లీ పుడతారన్న ఇగ్బోల నమ్మకాన్ని చర్చి అంగీకరించదు.