కీమో అయిన తొమ్మిదో రాత్రి

(ఈ శీర్షికలో జవాబులు చెప్పేది కీమో వార్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన నెల్లూరు స్టాఫ్ నర్సు.)

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర పల్లె. మా అత్తకు రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు నెల్లూరులో 21 రోజులకొకసారి కీమో ఎక్కిస్తున్నారు. రెండో కీమో అయిన తొమ్మిదో రోజు రాత్రి ఒళ్ళు కాలిపోయింది, వణుకొచ్చింది. డోలో బిళ్ళ వేస్తే తెల్లారేసరికి చల్లబడింది. రెండు రోజులాగి చూపించను పోతే డాక్టరమ్మ మా మీద కోప్పడింది. తగ్గిపోయిన జ్వరానికి కోపమెందుకు? ఇంకో సంగతి. మాకు మూడేళ్ళ బాబున్నాడు. అత్త పళ్ళెం, గ్లాసు వేరు పెట్టమని, బిడ్డను దగ్గరికి పోనీయొద్దని ఇరుగుపొరుగు చెప్తే అట్టనే చేశాం. ఆమె అన్నం ముందు పెట్టుకుని ఏడుస్తా ఉంది. ఏం చెయ్యాల?
— ఒక కోడలు

జవాబు: అమ్మాయ్, ముందు ఆ పళ్ళెం తీసుకుపోయి మీ అందరి పళ్ళేలతో కలిపి బోర్లించు. కేన్సర్ అంటుకునే జబ్బు కాదు. బాబు నాయనమ్మ ఒళ్ళో కూర్చోవచ్చు, ముద్దు పెట్టించుకోవచ్చు. వాడికి జలుబో, జ్వరమో, ఆటలమ్మో ఉంటే మాత్రం దూరంగా ఉంచు. ఆ జాగ్రత్త వాడి కోసం కాదు, ఆమె కోసం.

ఇక జ్వరం. కీమో మందు తొందరగా పెరిగే కణాలను కొడుతుంది. ఎముక మూలుగలో పుట్టే తెల్లకణాలు కూడా అట్టాంటివే. అందుకే మందు ఎక్కించిన ఏడో రోజు నించి పద్నాలుగో రోజు దాకా చాలామందికి ఆ కణాల కౌంట్ బాగా పడిపోతుంది, మూడు వారాలకు మళ్ళీ లేస్తుంది. 21 రోజుల ఎడం పెట్టింది ఆ లెక్కనే. మీ అత్తకు జ్వరం వచ్చింది సరిగ్గా కౌంట్ తగ్గే రోజుల్లో. అప్పుడు సూక్ష్మజీవులతో పోరాడే కణాలు ఒంట్లో చాలినన్ని ఉండవు. చీము పట్టదు, గళ్ళ పడదు, దగ్గు కూడా రాకపోవచ్చు. చాలాసార్లు మనకు తెలిసేది జ్వరం వల్లే. దాన్ని డోలోతో అణిచేస్తే పైకి చల్లబడుతుంది గానీ లోపల ఇన్ఫెక్షన్ నడుస్తానే ఉంటుంది. గంటల్లో బీపీ పడిపోవచ్చు. మీ డాక్టరమ్మ కోప్పడింది భయపడి.

ఒంగోలు అవతల నించి ఒక పెద్దాయన మా వార్డుకు వచ్చేవాడు. ఒకరోజు సాయంత్రం ఆయనకు జ్వరం తగిలింది. రాత్రిపూట ఎవర్ని లేపుతాంలే అని ఇంట్లోవాళ్ళు తెల్లారి మొదటి బస్సుకు బయల్దేరారు. వచ్చేసరికి చేతులు చల్లగా ఉన్నాయి, మాట తడబడతా ఉంది. మిషన్ పాడైందేమోనని నేను బీపీ పట్టీ విప్పి మళ్ళీ కట్టాను. రెండోసారీ బీపీ అంతే తక్కువ. పన్నెండు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

కాబట్టి ఈరోజే ఒక డిజిటల్ థర్మామీటర్ కొను. నాలుక కింద పెట్టి చూడు. 100.4 వచ్చినా, జ్వరం లేకుండా వణుకు పుట్టినా, అర్ధరాత్రయినా ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. బండి దొరక్కపోతే 108 ఉంది. డాక్టరు చెప్పకుండా డోలో వద్దు. ఊళ్ళో ఆరెంపీ చేత తుంటికి ఇంజక్షన్ అసలే వద్దు, రక్తం కారకుండా ఆపే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే పొడిచిన చోట లోపలే రక్తం కారి గడ్డలా పేరుకుంటుంది. క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే, "కీమో నడుస్తా ఉంది, ఈరోజు తొమ్మిదో రోజు, జ్వరం ఇంత" అని చెప్పు. ఓపీ చీటీ వరసలో కూర్చోవద్దు. వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి పోవాలి. కీమో ఫైలు ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించు, రాత్రి కంగారులో బీరువా తాళాలు దొరకవు.

వేరుగా చూడాల్సింది ఒకటుంది, అది మీకు ఇరుగుపొరుగు చెప్పి ఉండరు. ఎక్కించిన మందు మూత్రంలో, విరేచనంలో, వాంతిలో బయటికొస్తుంది. కీమో అయినాక 48 గంటలు ఆమె వాడిన మరుగుదొడ్డిలో చిందకుండా రెండుసార్లు నీళ్ళు పొయ్యి. వాంతి తీసేటప్పుడు, తడిసిన గుడ్డలు ముట్టుకునేటప్పుడు గ్లవుజులు వేసుకో. ఆ గుడ్డలు విడిగా రెండుసార్లు ఉతుకు. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఆమెకు చెప్పొద్దు. కొన్ని మందులకు ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది, మీ వార్డు సిస్టర్ని అడుగు.

తిండి ఏ పూటకాపూట వండి పెట్టు. మన నెల్లూరోళ్ళకు చేపల పులుసు మర్నాటికే రుచి, నాకూ అంతే. అయినా ఈ కీమోలు అయిపోయేదాకా ఆమెకు వేడిగా, ఆ పూట వండిందే పెట్టు. చద్దన్నం వద్దు.

రొమ్ము కేన్సర్‌కు ఎర్ర మందు వాడుతుంటారు. దాని తర్వాత ఒకట్రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగే. ఆ మందు నరంలోంచి బయటికి కారితే మాత్రం కండను తినేస్తుంది. నేను వార్డుకు కొత్తగా వచ్చినప్పుడు ఒక తల్లి "చెయ్యి మండతా ఉంది సిస్టర్" అని మెల్లగా అంది. "కాసేపుంటే తగ్గుద్దిలే అమ్మా" అన్నాను. తగ్గలేదు. పుండు పడింది, నల్లబడింది, తొడ నించి చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. ఆ తప్పు నాది. మందు ఎక్కేటప్పుడు చెయ్యి మండినా, లాగినా, ఉబ్బినా మొహమాటపడకుండా గట్టిగా పిలవమని మీ అత్తకు చెప్పు. ఆ సిస్టర్ నాలాగా జవాబిస్తే మళ్ళీ పిలవమను.

ప్రశ్న: మా నాన్నకు పెద్దపేగు కేన్సర్. కేపెసిటబైన్ మాత్రలు ఇంట్లోనే వేస్తున్నాం. మింగలేకపోతున్నాడు. నూరి తేనెలో కలపొచ్చా?
— ఒంగోలు పాఠకుడు

జవాబు: నూరొద్దు, విరవొద్దు. అవి కూడా కీమోనే. నూరితే ఆ పొడి మీ ఒంట్లోకి పోతుంది. మింగడం కష్టంగా ఉందని డాక్టరుకు చెప్పండి, వేరే దారి వారు చూస్తారు. అన్నం తిన్న అరగంటలోపు నిండు గ్లాసు నీళ్ళతో వెయ్యాలి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండింతలు వెయ్యొద్దు. విరేచనాలు పట్టుకున్నా, అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండుతున్నా, మాత్రలు అయిపోనీ అని ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి. మీరు మాత్ర అందించేటప్పుడు చేత్తో కాకుండా మూతలో పోసి ఇవ్వండి. మిగిలినవి చెత్తబుట్టలో వెయ్యొద్దు, ఆస్పత్రి ఫార్మసీలో తిరిగిచ్చేయండి.