బొటిక్ హోటల్లో మూడు రాత్రులు: సరదాకు ముందే దాచిపెట్టే డబ్బు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నేను ప్రైవేటు కళాశాలలో అధ్యాపకురాలిని, మా వారు విజయవాడలో ఒక సంస్థలో పనిచేస్తున్నారు. పాప ఆరో తరగతి. ఇద్దరి జీతాలు కలిపి చేతికి రూ.1,24,000 వస్తుంది. ఇంటి రుణం వాయిదా రూ.38,000, పాప చదువుకు రూ.9,500, ఇంటి ఖర్చులు రూ.34,000, అత్తమామల మందులకు రూ.8,000, బీమా ప్రీమియాలకు రూ.4,500, సిప్‌కు (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మదుపు) రూ.10,000, చీటీకి రూ.10,000 పోతాయి. పొదుపు ఖాతాలో రూ.90,000 ఉంది. కిందటి డిసెంబరులో ఫోర్ట్ కొచ్చికి వెళ్లి, పాత బంగళాను మార్చి కట్టిన చిన్న బొటిక్ హోటల్లో దిగాము. అయిన రూ.60,000ను క్రెడిట్ కార్డు మీద 12 వాయిదాలుగా మార్చుకున్నాము, ఇంకా ఐదు మిగిలాయి. ఇలా ఏడాదికి రెండుసార్లు ఒక మంచి నగరానికి వెళ్లి, మంచి హోటల్లో ఉండి, అక్కడి వంటలు తినాలన్నది మా కోరిక. తర్వాత పుదుచ్చేరి అనుకుంటున్నాము. రూ.2 లక్షల చీటీని ఇప్పుడే పాడుకుని వాడుకుందామా? ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చు కదా అని అత్తగారు అంటున్నారు. మేము చేస్తున్నది దుబారాయేనా?

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అంకెలకన్నా ఆ సందేహమే మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నట్టు నాకు అనిపించింది. రెండు జీతాలతో ఇల్లు నడుపుతూ, రుణం కడుతూ, పెద్దల మందులు చూసుకుంటూ, సిప్ ఆపకుండా సాగిస్తున్న కుటుంబం ఏడాదికొకసారి మూడు రోజులు మంచి గదిలో ఉండి మంచి భోజనం చేయాలనుకోవడాన్ని నేను దుబారా అనను. అయితే మీ అత్తగారి మాటను కూడా తోసిపుచ్చవద్దు. చేతిలో నెల ఖర్చుకు సరిపడా నిల్వ కూడా లేని ఇంట్లో అప్పు చేసి విహారానికి వెళ్లారన్నదే ఆవిడ భయమై ఉంటుంది, ఆ భయంలో న్యాయం ఉంది. కనుక మార్చవలసింది మీ కోరికను కాదు, డబ్బు కదిలే క్రమాన్ని. ప్రయాణం తర్వాత ఏడాది పాటు కడుతున్న వాయిదాను ప్రయాణానికి ముందు ఏడాది పాటు జమ చేసే వాయిదాగా మార్చుకోవాలి.

ఈ మార్పు విలువ ఎంతో లెక్క వేసి చూపుతాను. రూ.60,000ను ఏడాదికి 15 శాతం వడ్డీతో 12 వాయిదాలు చేస్తే నెలకు సుమారు రూ.5,415 పడుతుంది. మొత్తం మీద వడ్డీ రూ.5,000కు కొంచెం తక్కువ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో రూ.900. ప్రాసెసింగ్ ఫీజును పక్కన పెట్టినా దాదాపు రూ.5,900 అదనంగా కట్టినట్టు. అదే నెలకు రూ.5,000 చొప్పున 6.5 శాతం వడ్డీ ఇచ్చే రికరింగ్ డిపాజిట్‌లో ఏడాది వేస్తే రూ.60,000 మీద సుమారు రూ.2,100 మీకే వస్తుంది. రెండు దారుల మధ్య తేడా రూ.8,000. మీరు కోరుకునే తరహా హోటల్లో అది పన్నుతో సహా ఒక రాత్రి గది అద్దె. మూడు రాత్రుల సెలవుకు నాలుగు రాత్రుల అద్దె ఇచ్చి వచ్చారన్నమాట. బిల్లును వాయిదాలుగా మార్చుకోవడం వల్ల ఇంతటితో పోయింది, కనీస మొత్తం మాత్రమే కట్టుకుంటూ పోయి ఉంటే చాలా కార్డులపై నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ పడేది.

మిగిలిన ఐదు వాయిదాలను ఒకేసారి కట్టి వదిలించుకోవాలని మీకు అనిపించవచ్చు. ఇక్కడ తొందర అక్కర్లేదు. మీరు ఇంకా ఇవ్వవలసిన అసలు సుమారు రూ.26,000 అయితే, దానిపై రాబోయే వడ్డీ, జీఎస్టీ కలిపి దాదాపు రూ.1,150 మాత్రమే. ముందుగా మూసివేయడానికి బ్యాంకు 3 శాతం రుసుము, దానిపై జీఎస్టీ తీసుకుంటే మీకు మిగిలేది రూ.250కి మించదు. అందుకోసం పొదుపు ఖాతాలోని రూ.90,000లో పెద్ద ముక్క తీయడం తగదు. రుసుము లేదని బ్యాంకు రాతపూర్వకంగా చెబితే మాత్రం మరోసారి ఆలోచించండి.

చీటీ విషయంలో నా అభిప్రాయం స్పష్టం: ఇప్పుడు పాడవద్దు. రూ.2 లక్షల చీటీలో ఇరవై నెలలకు గాను పదకొండు నెలలు కట్టారని అనుకుంటున్నాను. ఈ నెల రూ.30,000 తగ్గించి పాడితే చేతికి రూ.1,70,000 వస్తుంది. చివరిదాకా ఆగితే, 2019 సవరణ తర్వాత చిట్ ఫండ్స్ చట్టం నిర్వాహకుడికి అనుమతించే గరిష్ఠ కమీషన్ 7 శాతాన్ని తీసేసినా రూ.1,86,000 వస్తుంది. తొమ్మిది నెలల ముందు డబ్బు చూడడానికి రూ.16,000 వడ్డీ ఇచ్చినట్టే. కూతురి పెళ్లికో ఆసుపత్రి అవసరానికో చీటీ ఎత్తడం మన ప్రాంతంలో తరతరాలుగా ఉన్న పద్ధతే, దానిని నేను తప్పుపట్టను. విహారానికి మాత్రం అది సరైన మూలం కాదు. పైగా ఆ డబ్బుకు నేను వేరే పని అనుకున్నాను. ఇంటి రుణం, చదువు, ఇంటి ఖర్చు, మందులు, బీమా కలిపితే మీ తప్పనిసరి ఖర్చు నెలకు రూ.94,000. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయినా నిలదొక్కుకోవడానికి కనీసం మూడు నెలల మొత్తం, అంటే రూ.2,82,000, చేతికి అందేలా ఉండాలి. ఇప్పుడున్న రూ.90,000కు చీటీ చివర వచ్చే మొత్తం చేరితే దాదాపు అక్కడికి చేరుకుంటారు. ఆరు నెలల నిధి దాని తర్వాతి మెట్టు. ఒక్క మాట అడగడం మరిచిపోవద్దు: ఆ చీటీ 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదేనా? రిజిస్టరైన చీటీకి నిర్వాహకుడు చీటీ మొత్తానికి సమానమైన హామీని ముందే జమ చూపించాలి. తెలిసినవారు ఇంట్లో నడిపే చీటీకి ఆ రక్షణ ఉండదు.

ఇక ప్రయాణపు నిధి. మీ లెక్క ప్రకారం నెలకు రూ.10,000 మిగలాలి, కార్డు వాయిదా పోగా సుమారు రూ.4,500. జీతం పడిన మర్నాడే తీసుకునేలా రూ.4,000తో 12 నెలల రికరింగ్ డిపాజిట్ ఈ నెలలోనే మొదలుపెట్టండి. కార్డు వాయిదాలు ముగిసిన నెల నుంచి రూ.2,000తో ఏడు నెలల డిపాజిట్ మరొకటి తెరవండి. మొదటిది రూ.48,000, రెండవది రూ.14,000, రెంటి మీదా కలిపి సుమారు రూ.2,000 వడ్డీ. వచ్చే ఏడాది దసరా సెలవులకు రూ.64,000 సిద్ధంగా ఉంటుంది. రెండవ విహారం గురించి చీటీ పూర్తయ్యాకే మాట్లాడదాము. అప్పుడు నెలకు ఖాళీ అయ్యే రూ.10,000లో రూ.3,000 ఇటు మళ్లించినా నాకు అభ్యంతరం లేదు. మిగిలినది అత్యవసర నిధికి, ఆ తర్వాత పాప పై చదువుకు వెళ్లాలి.

పుదుచ్చేరిని ఎంచుకున్నందుకు సంతోషించాను. ఫ్రెంచి పాలన 1954 వరకు సాగిన ఆ పట్టణంలో, మన యానాం కూడా భాగమైన ఆ కేంద్రపాలిత ప్రాంతపు రాజధానిలో, కాలువకు ఒక పక్క పసుపు గోడల ఫ్రెంచి ఇళ్లు, మరో పక్క అరుగులూ స్తంభాలూ ఉన్న తమిళ ఇళ్లు ఉన్నాయి. రెండు వైపులా పాత ఇళ్లను పదీ ఇరవై గదుల హోటళ్లుగా మార్చారు. చాలామంది సముద్రం పక్కన ఫ్రెంచి వీధుల్లోనే గది వెతుకుతారు కాబట్టి అక్కడ ధర ఎక్కువ పలుకుతుంది. నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్న తమిళ వీధుల్లో, మన గోదావరి జిల్లాల మండువా లోగిలిని గుర్తుచేసే ఇళ్లలో, అదే శ్రద్ధతో తీర్చిన గది తక్కువకు దొరకవచ్చు. నన్నడిగితే మీ పాపకు ఆ లోగిలే ఎక్కువ నచ్చుతుంది. పాత పట్టణమంతా కాలినడకనో అద్దె సైకిల్ మీదో చూడవచ్చు. సాయంత్రాలు తీరం వెంబడి గోబెర్ అవెన్యూలోకి వాహనాలను రానివ్వరు కనుక కారు మాట్లాడుకునే ఖర్చు కూడా తగ్గుతుంది.

గది ఎంచుకునేటప్పుడు రూ.7,500 అనే అంకెను మనసులో ఉంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు అద్దె ఉన్న గదిపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. దాటితే 18 శాతం. రూ.7,400 గది పన్నుతో రూ.7,770 అవుతుంది, రూ.7,900 గది రూ.9,322 అవుతుంది. అద్దెలో రూ.500 తేడా బిల్లులో రూ.1,552గా మారుతుంది. బొటిక్ హోటళ్ల అద్దెలు తరచుగా ఈ గీతకు ఇటూ అటూగానే ఉంటాయి కనుక, ఒకటి రెండు రోజులు ముందుకో వెనక్కో జరిగితే గీత కిందికి వచ్చే అవకాశం ఉంటుంది.

ఇదే గీత భోజనానికీ వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. కిందటి ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క గదినైనా రూ.7,500కు మించిన అద్దెకు ఇచ్చిన హోటల్లోని రెస్టారెంటు బిల్లుపై 18 శాతం జీఎస్టీ పడుతుంది, మీరు దిగిన గది రూ.6,500దే అయినా సరే. బయటి రెస్టారెంట్లలో సాధారణంగా 5 శాతమే. రూ.3,500 భోజనానికి అక్కడ రూ.630, ఇక్కడ రూ.175. అందుకే ఉదయపు అల్పాహారం గది అద్దెలోనే కలిసి ఉన్న హోటల్ చూసుకుని, మధ్యాహ్న, రాత్రి భోజనాలు బయట చేయమంటాను. పన్ను కోసం మాత్రమే ఈ మాట అనడం లేదు. ఫ్రెంచి, తమిళ రుచులు కలిసిన క్రియోల్ వంటలను వేర్వేరు చోట్ల రుచి చూడడమే అక్కడికి వెళ్లినందుకు ఫలితం. ఒక పూట పెద్ద భోజనం, రెండో పూట బేకరీలోనో టిఫిన్ హోటల్లోనో తేలికగా అన్న పద్ధతి పెట్టుకుంటే ముగ్గురికి మూడున్నర రోజులకు రూ.12,000 చాలుతుందని నా అంచనా. బిల్లులో సర్వీస్ చార్జి కనబడితే తీసేయమని నిస్సంకోచంగా అడగండి. దానిని తప్పనిసరి చేయకూడదన్న 2022 నాటి మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. వడ్డించినవారికి ఇవ్వాలనిపిస్తే నేరుగా వారి చేతికే ఇవ్వవచ్చు.

దసరా సెలవులనడానికి కారణం ఉంది. చెన్నై, బెంగళూరు నుంచి వచ్చేవారితో శుక్రవారం నుంచి ఆదివారం వరకు పుదుచ్చేరి గదులు ఖరీదెక్కుతాయి, ఆయుధ పూజ, విజయదశమి రోజుల్లో మరింతగా. మన బడులకు సెలవులు అంతకు ముందే మొదలవుతాయి కనుక మొదటి ఆదివారం బయలుదేరి బుధవారం తిరుగుముఖం పట్టండి. అక్టోబరు రెండో సగం నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు వస్తాయి కాబట్టి దీపావళి దాకా ఆగడం మంచిది కాదు.

రూ.6,500 గది మూడు రాత్రులకు, పాపకు అదనపు మంచంతో, పన్నుతో కలిపి రూ.24,000 పైచిలుకు పెట్టుకోండి. విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే వందే భారత్ తెనాలిలో ఆగుతుంది, మీకు అదే దగ్గర. రానుపోను రైలుకు రూ.6,500, చెన్నై నుంచి తీరం వెంబడి సుమారు 150 కిలోమీటర్ల దారికి రానుపోను కారుకు రూ.8,000, భోజనానికి రూ.12,000, అక్కడ తిరగడానికీ చిన్నచిన్న కొనుగోళ్లకూ రూ.4,000, అనుకోని ఖర్చుకు రూ.5,000. అంతా రూ.60,000 లోపే. బస్సులో వెళ్తే కారు ఖర్చులో చాలావరకు మిగులుతుంది, కానీ రాత్రి పొద్దుపోయాక చెన్నైలో దిగవలసి వస్తే పాపతో ఆ శ్రమ వద్దు.

మీ వారు పాత ఆదాయపు పన్ను విధానంలో ఉండి, జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉంటే రైలు చార్జీల మేరకు మినహాయింపు దొరకవచ్చు, హోటల్‌కూ భోజనానికీ దొరకదు. కొత్త విధానంలో ఆ మినహాయింపే లేదు.

గదిని రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే షరతుతోనే తీసుకోండి, కొంత ఎక్కువైనా సరే. ఒకసారి నేను తగ్గింపు చూసి తిరిగి రాని షరతుకు ఒప్పుకుని మూడు రాత్రుల అద్దె ముందే కట్టాను. బయలుదేరే ముందు రోజు మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చి ఆ మొత్తమంతా పోయింది. ఇంట్లో పెద్దలున్న మీకు అలా జరగకూడదు.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. దసరాకు కనకదుర్గమ్మ దర్శనానికి వచ్చే భక్తులతో మన వైపు రైళ్లు కిక్కిరిసి ఉంటాయి కనుక తిరుగు ప్రయాణపు టికెట్ తెరుచుకున్న రోజునే తీసుకోండి. టికెట్లకు, గదికి కార్డు వాడినా అభ్యంతరం లేదు, డిపాజిట్ల డబ్బు చేతికి రాగానే గడువు తేదీలోగా బిల్లు పూర్తిగా కట్టేయాలి. డిపాజిట్ తెరిచాక ఆ రసీదును మీ అత్తగారికి కూడా చూపించండి, ఈసారి అప్పు లేదని ఆవిడకు తెలియడం అవసరం.