పాఠకుల ప్రశ్నలు – జవాబులు: హెచ్‌డీ ప్రసారాన్ని కంప్యూటర్‌లో రికార్డు చేయడానికి ఏది కొనాలి?

ప్రశ్న: మా ఇంట్లో ఒక ప్రైవేటు డీటీహెచ్ కనెక్షన్, దాని హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సు ఉన్నాయి. మా అమ్మాయి కూచిపూడి బృందం ప్రదర్శన నవంబరులో డీడీ సప్తగిరిలో వస్తుందని కబురు చేశారు. దాన్ని హెచ్‌డీ నాణ్యతతో ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి దాచుకోవాలని మా కోరిక. దుకాణంలో ఒకరు క్యాప్చర్ కార్డు కొనమన్నారు, ఇంకొకరు టీవీ ట్యూనర్ అన్నారు. ధరలేమో వందల నుంచి వేల దాకా చెబుతున్నారు. అమెరికాలో ఉన్న మా మరిది తన దగ్గర ఒక ట్యూనర్ ఉందని, పంపిస్తానని అంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందుగా మీ మరిదిగారికి ఆ ట్యూనర్ పంపవద్దని చెప్పండి. అక్కడి యాంటెన్నా ప్రసారాలు ఏటీఎస్‌సీ అనే పద్ధతిలో సాగుతాయి, ఆ ట్యూనర్లు వాటికోసమే తయారవుతాయి, కాబట్టి మన డిష్‌కు తగిలిస్తే ఒక్క ఛానెల్ కూడా పట్టవు. టీవీ ట్యూనర్ అంటే ప్రసారాన్ని నేరుగా అందుకునేది, క్యాప్చర్ కార్డు అంటే బాక్సు నుంచో కెమెరా నుంచో వచ్చే బొమ్మను కంప్యూటర్‌లోకి తీసుకునేది. ఇక కొనే సంగతికి వస్తే, ఆ ప్రసారం మీ ఇంటికి ఏ దారిన వస్తోంది, ఆ దారిలో తాళం (నకలు తీయకుండా అడ్డుకునే ఏర్పాటు) ఉందా లేదా అన్న రెండు విషయాలు తేలనిదే ఏ పరికరమూ కొనకండి. తేల్చుకోకుండా కొని నష్టపోయినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట శ్రీహరికోట నుంచి జరిగే ఒక పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాన్ని ప్రత్యక్ష ప్రసారం నుంచి రికార్డు చేసుకుందామని, నెల్లూరులోని ఒక దుకాణంలో పెట్టె మీద '4కె' అని పెద్ద అక్షరాలతో ఉన్న క్యాప్చర్ పరికరం కొన్నాను. అగ్గిపెట్టెకన్నా చిన్నది. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ తీగను అందులో గుచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించి, రికార్డింగ్ మొదలుపెట్టి, రాకెట్‌ను కళ్లారా చూద్దామని మిద్దె ఎక్కాను. దిగివచ్చి చూస్తే ఇరవై నిమిషాల నల్లటి తెర రికార్డయి ఉంది. ల్యాప్‌టాప్ పాతదై ఉంటుందని దుకాణదారు తేల్చేశాడు గాని, తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, నాది.

అసలు జరిగిందేమిటంటే, డీటీహెచ్ హెచ్‌డీ బాక్సు హెచ్‌డీఎంఐ ద్వారా బొమ్మను పంపే ముందు అవతలి పరికరంతో రహస్య సంకేతాలు మార్చుకుంటుంది. దీనిని హెచ్‌డీసీపీ అంటారు, ఇంటెల్ సంస్థ రూపొందించిన పద్ధతి. టీవీకి ఆ సంకేతాలు తెలుసు కాబట్టి బొమ్మ వస్తుంది. క్యాప్చర్ పరికరానికి ఆ అనుమతి ఉండదు కాబట్టి చీకటే మిగులుతుంది. ఎనిమిది వందలది కొన్నా ఎనిమిది వేలది కొన్నా ఈ విషయంలో తేడా రాదు. ఆ తాళాన్ని తప్పించే స్ప్లిటర్లు అమ్ముతున్నారని మీకు ఎవరైనా చెప్పవచ్చు, వాటి జోలికి వెళ్లమని నేను మాత్రం చెప్పను. మన 1957 కాపీరైటు చట్టం 39వ సెక్షన్ ప్రకారం ప్రసారాన్ని సొంత వాడకానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదు. కాని హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణ ఏర్పాటును తప్పించడాన్ని 2012 సవరణలో చేర్చిన 65ఏ సెక్షన్ రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడగల నేరంగా చెబుతోంది. మీ బాక్సులోనే రికార్డింగ్ సౌకర్యం ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు, అయితే అలా దాచినది సాధారణంగా ఆ బాక్సులో తప్ప కంప్యూటర్‌లో ఆడదు.

మీ అదృష్టం కొద్దీ మీకు కావలసింది దూరదర్శన్ ఛానెల్. అది ఫ్రీడిష్ అనే దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవలో చందా లేకుండా అందుతుంది. కాబట్టి మీకు సరిపడే వస్తువు క్యాప్చర్ కార్డు కాదు, 'డీవీబీ-ఎస్2' అని రాసి ఉన్న యూఎస్‌బీ ట్యూనర్. చివరి అక్షరాలు జాగ్రత్తగా చూసుకోండి: 'టీ' ఉన్నది మామూలు యాంటెన్నాకు, 'సీ' ఉన్నది కేబుల్‌కు, 'ఎస్' ఉన్నదే డిష్‌కు. ఈ ట్యూనర్ ఉపగ్రహం నుంచి వచ్చిన అంకెల ప్రవాహాన్ని ఉన్నదున్నట్టుగా ఫైలులోకి దించుతుంది. బొమ్మను విప్పి మళ్లీ కుదించే పని లేదు కాబట్టి నాణ్యత వెంట్రుకవాసి కూడా తగ్గదు, పాత ల్యాప్‌టాప్ అయినా ఆయాసపడదు. వచ్చిన ఫైలు వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో నేరుగా ఆడుతుంది. కొనే ముందు పొరుగున ఎవరింట్లోనైనా ఫ్రీడిష్ బాక్సు ఉంటే అందులో సప్తగిరి ఎలా వస్తోందో ఒకసారి చూసి రండి. ఆ బాక్సుకు యూఎస్‌బీ రికార్డింగ్ ఉండి, పెన్‌డ్రైవ్‌లోకి దించిన ఫైలు మీ ల్యాప్‌టాప్‌లో ఆడితే, మీకు ట్యూనర్ ఖర్చు కూడా మిగిలినట్టే.

ఒక నిరాశ కలిగించే మాట కూడా చెప్పాలి. ఫ్రీడిష్ ఛానెళ్లలో అధికభాగం హెచ్‌డీవి కావు, 576 గీతల మామూలు ఎస్‌డీ బొమ్మలే. మీ హెచ్‌డీ బాక్సు అలాంటి బొమ్మను 1080 గీతలకు సాగదీసి చూపిస్తుంది గనుక మనకు హెచ్‌డీ అన్న భ్రమ కలుగుతుంది. పలచని మజ్జిగలో నీళ్లు పోస్తే చెంబు నిండుతుందే తప్ప చిక్కదనం రాదు; సాగదీసిన బొమ్మను రికార్డు చేస్తే పెరిగేది ఫైలు బరువొక్కటే. అసలు ప్రసారం ఎస్‌డీదైతే ఎస్‌డీగానే దాచుకోండి.

ఫ్రీడిష్ ప్రసారం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది.  మన వైపు నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, నేలతో దాదాపు 67 డిగ్రీల ఎత్తున ఉంటుంది, అంటే ఫ్రీడిష్ కోసం పెట్టే డిష్ సముద్రం మీది ఆకాశాన్ని చూస్తుందన్నమాట. నవంబరులో మనకు వానలు వచ్చేదీ ఆ వైపు నుంచే. ఈ ప్రసారాలు వాడే కేయూ బ్యాండు తరంగాలను జోరువాన మింగేస్తుంది, అప్పుడు ఏ ట్యూనరూ చేయగలిగింది లేదు. అందుచేత పునఃప్రసారం ఎప్పుడో తెలుసుకుని పెట్టుకోండి, వీలైతే బృందం ద్వారా ఒక ప్రతి కూడా అడగండి. ఉప్పుగాలికి డిష్ తీగ చివరనున్న రాగి మొనకు పచ్చటి కిలుము పడుతుంది. అర అంగుళం కత్తిరించి, కొత్త కనెక్టర్ బిగించి, రబ్బరు టేపు చుట్టించండి. ఫ్రీడిష్ బాక్సున్న టీవీకీ ట్యూనర్‌కూ ఒకే డిష్ కావాలంటే మాత్రం తీగను రెండుగా చీల్చే మామూలు స్ప్లిటర్ పెట్టించవద్దు. రెండు పరికరాలూ డిష్ ముందు ప్రసారాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పంపుతూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. రెండు తీగలు విడివిడిగా తగిలించగల (ట్విన్) ఎల్‌ఎన్‌బీ వేయించుకోవడమే సరైన మార్గం.

ప్రశ్న: మా వీడియో స్టూడియోలో పెళ్లి కెమెరాల నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ ప్రసారాన్ని కంప్యూటర్‌లోకి తీసుకోవాలి. కెమెరాలో తాళం సమస్య లేదు. యూఎస్‌బీ 2 క్యాప్చర్ సరిపోతుందా, యూఎస్‌బీ 3 కొనాలా? అన్ని పెట్టెల మీదా '4కె' అనే ఉంది.
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: లెక్క వేసి చూడండి. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, చుక్కకు 24 బిట్లు, క్షణానికి (అంటే సెకనుకు) 60 బొమ్మలు అనుకుంటే, కుదించని బొమ్మకు క్షణానికి సుమారు 299 కోట్ల బిట్లు ప్రవహించాలి. యూఎస్‌బీ 2 దారి వెడల్పు 48 కోట్లు, యూఎస్‌బీ 3 దారి వెడల్పు 500 కోట్లు. కాబట్టి యూఎస్‌బీ 2 పరికరం బొమ్మను ముందుగానే గట్టిగా నలిపి పంపుతుంది. పెళ్లికూతురి పట్టుచీర జరీ అంచులోనూ, తలంబ్రాలు పోసేటప్పుడూ గళ్లు గళ్లుగా కనిపించేది అందుకే. యూఎస్‌బీ 3 దే కొనండి, దాన్ని కంప్యూటర్‌లో కూడా యూఎస్‌బీ 3 రంధ్రంలోనే గుచ్చండి. సాధారణంగా దాని నాలుక నీలంగా ఉంటుంది. చౌక పరికరాల పెట్టె మీది '4కె' చాలాసార్లు లోపలికి రానిచ్చే బొమ్మ గురించే, రికార్డయ్యేది 1080 గీతలే; 'రికార్డింగ్' అన్న మాట పక్కన ఏ అంకె ఉందో చదవండి.

మరొక్క సంగతి. మన దేశపు ప్రసారాలు, ఇక్కడ అమ్మే కెమెరాలు ఎక్కువగా క్షణానికి 25 లేదా 50 బొమ్మల లెక్కన పనిచేస్తాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లు 30కో 60కో అమరి ఉంటాయి. మార్చకపోతే కెమెరా పక్కకు తిప్పినప్పుడల్లా బొమ్మ ఎడ్లబండి ఎక్కినట్టు కుదుపుతుంది. వచ్చేది 1080ఐ (బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి వచ్చే రకం) అయితే వాటిని సరిచేసి కలిపే డీఇంటర్‌లేస్ కూడా పెట్టుకోండి, లేదంటే కదిలే చేతుల అంచులకు దువ్వెన పళ్లు మొలుస్తాయి.

ప్రశ్న: ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో క్షణానికి 8,000 కిలోబిట్ల వేగంతో రికార్డు చేస్తున్నాను. ఎప్పుడు చేసినా డెబ్బై నిమిషాల ప్రాంతంలో ఆగిపోతోంది. క్యాప్చర్ పరికరం వేడెక్కుతోందని చెప్పి కొత్తది కొనిపించారు, దానితోనూ అంతే. మధ్యలో కరెంటు పోతే ఫైలు తెరుచుకోవడమే లేదు.
— ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: వేడికి గడియారం తెలియదు. ఎప్పుడూ ఒకే నిమిషానికి ఆగుతోందంటే నిండిపోయే పాత్ర ఏదో ఉన్నట్టే. మీ వేగానికి శబ్దం కలిపితే క్షణానికి ఒక మెగాబైటుకు కొంచెం ఎక్కువ. డెబ్బై నిమిషాలకు ఫైలు దాదాపు 4 జీబీ అవుతుంది. మీరు పెన్‌డ్రైవ్‌లోకో పాత హార్డ్‌డిస్క్‌లోకో రికార్డు చేస్తూ ఉండాలి, అది ఫ్యాట్32 అనే, డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పాత పద్ధతిలో ఉండి ఉండాలి. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీని దాటదు, డిస్క్‌లో ఎంత చోటున్నా సరే. అందులో ఉన్నదంతా వేరేచోటికి తీసుకుని, ఈ అడ్డు లేని ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే పాతదంతా చెరిగిపోతుందని మరచిపోకండి. తిరిగి ఇవ్వగలిగితే కొత్త పరికరాన్ని తిరిగి ఇచ్చేయండి.

కరెంటు విషయానికొస్తే, ఎంపీ4 ఫైలు తన విషయసూచికను సాధారణంగా రికార్డింగ్ ముగిశాకే రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే అది రాయడమే జరగదు, ఫైలు తెరుచుకోదు. ఓబీఎస్‌లో రికార్డింగ్ రకాన్ని ఎంకేవీ అనే మరో ఫైలు రకానికి మార్చుకుంటే కరెంటు పోయే నిమిషం వరకు రికార్డయినది చేతిలో మిగులుతుంది. తరవాత ఫైలు మెనూలోని రీమక్స్‌తో నాణ్యత చెడకుండా ఎంపీ4గా మార్చుకోవచ్చు. యూపీఎస్ కొంటే కంప్యూటర్‌తోపాటు బొమ్మను పంపే పరికరం ప్లగ్గును కూడా దానికే పెట్టండి.