ర్యాంకు అమ్మాయిదా, మీదా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. టెన్త్ దాకా క్లాస్ ఫస్ట్. ఈమధ్య రాత్రిళ్లు ఫోన్లో ‘కరే కానో’ అని ఏదో జపాన్ కార్టూన్ చూస్తోంది. అందులో హైస్కూలు పిల్లలు ప్రేమించుకుంటారు. వీక్లీ టెస్టుల్లో రెండో ర్యాంకు నుంచి పదకొండుకి పడిపోయింది. దాని డైరీ తీసి చూస్తే ‘యుకినో లాగే నేనూ అందరి ముందూ నటిస్తున్నాను’ అని ఉంది. మా బావగారి అబ్బాయిది అదే కాలేజీ, వాడికి మూడో ర్యాంకు. తోటికోడలి ముందు తలెత్తుకోలేకపోతున్నాను. ఫోన్ లాగేసుకోనా?

జవాబు: అమ్మా, ఫోను సంగతి ముందే తేల్చేద్దాం. రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో పెట్టండి, మీదీ, మీవారిదీ కూడా. దాని గురించి అంతకంటే చెప్పేదేమీ లేదు.

ఆ కార్టూన్ నేనూ చూశాను. మసామి త్సుదా బొమ్మల కథను హిదెయాకి అన్నో 1998లో టీవీకి తీశాడు, 26 ఎపిసోడ్లు. ప్రేమకథే, కాదనను. కానీ మీ అమ్మాయి డైరీలో మీకు దొరికింది ప్రేమ కాదు, నటన.

ఆ కథలో హీరోయిన్ యుకినో. స్కూల్లో బంగారు బొమ్మ. మార్కులు, మర్యాద, అందం అన్నీ ఉన్నాయి. ఇంటికి రాగానే పాత ట్రాక్‌సూట్, కళ్లజోడు. పొగడ్తల కోసం చచ్చిపోయే పిల్ల. తనకంటే మార్కులు ఎక్కువ తెచ్చుకునే క్లాసు అబ్బాయి అరిమా ఒకరోజు సీడీ ఇద్దామని ఇంటికొస్తే, ఇంట్లోవాళ్లే అనుకుని ఒక్క తన్ను తన్నింది. గుట్టు రట్టయింది. తీరా చూస్తే అరిమాదీ వేషమే. కన్నవాళ్లు వదిలేస్తే పెదనాన్న, పెద్దమ్మ పెంచుకున్నారు. వాళ్లకి తనవల్ల మాట రాకూడదని తప్పే చేయకుండా బతుకుతుంటాడు. పదహారేళ్ల పిల్లాడికి ఎంత బరువో చూడండి.

తర్వాత ఇద్దరికీ మార్కులు తగ్గుతాయి. టీచరు పెద్దవాళ్లని పిలిపించి, ఈ స్నేహం వల్లే అంటాడు. రెండిళ్లవాళ్లూ పిల్లల పక్షానే నిలబడతారు. మన పేరెంట్స్ మీటింగుల్లో అయితే లెక్చరర్ నోరు తెరవకముందే తల్లి అందుకుంటుంది.

మీ పూర్తి ఉత్తరం నాలుగు పేజీలు. మూడో పేజీ అంతా మీ తోటికోడలే. పాప పుట్టినప్పుడు ఆవిడ పురిటి గదిలోకి వచ్చి ‘ఆడపిల్లా!’ అని మొహం చిట్లించిందని రాశారు. చదువుతుంటే నాకే ఒళ్లు మండింది. ఆ రోజే నాలుగు మాటలు అడిగి ఉండాల్సింది. మీరు అడగలేదు, మీవారూ అడగలేదు. ఆ బాకీని ఇప్పుడు పాప చేత వారం వారం ర్యాంకుల రూపంలో కట్టిస్తున్నారు. ఫ్యామిలీ గ్రూపులో దాని మార్కుల షీటు పెట్టేది మీరే కదా! ఆడపిల్ల విలువ తోటికోడలికి రుజువు చేయాల్సిన ఖర్మ మీకెందుకు? పాపకి అసలెందుకు?

నన్నడిగితే మీ గొడవ పెద్ద కోడలితో. దాన్ని ఆవిడతోనే తేల్చుకోండి. పండక్కి కలిసినప్పుడు, వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు, ‘అక్కా, ఆ రోజు మీరన్న మాట నేనింకా మర్చిపోలేదు’ అనండి. ఆవిడ నవ్వేసినా, కళ్లనీళ్లు పెట్టుకున్నా, మీ పని అయిపోయినట్టే. ఈ వారం మార్కులు గ్రూపులో పెట్టకండి. ఎవరైనా అడిగితే ‘దాన్నే అడగండి’ అనండి.

ఇంకొకటి, డైరీ చదవడం తప్పు. చదివానని మీ నోటితో మీరే పాపకి చెప్పండి. అరుస్తుంది, తలుపు వేసుకుంటుంది. వేసుకోనివ్వండి. బయటికొచ్చాక పక్కన కూర్చుని ఆ కార్టూన్ మొదటి ఎపిసోడ్ పెట్టమనండి.