మూడు ఆటలు, ఏడు జట్లు: మౌయి టోర్నీకి వెళ్తున్న అమ్మలుకి

చి. అమ్మలుకి బాబాయ్ ఆశీస్సులు.

మీ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి స్టూడెంట్ మేనేజర్‌గా హవాయిలోని మౌయి దీవిలో జరిగే మౌయి ఇన్విటేషనల్ టోర్నీకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. థ్యాంక్స్‌గివింగ్ వారంలో సోమ, మంగళ, బుధవారాల్లో ఎనిమిది జట్లు పన్నెండు ఆటలు ఆడతాయి. ఓడిన వాళ్ళని ఇంటికి పంపరు, ప్రతి జట్టూ మూడు రోజుల్లో మూడు ఆటలు ఆడాల్సిందే. ఆటలు జరిగే లహైనా ఊరి సివిక్ సెంటర్‌లో పట్టేది 2,400 మందే అయినా పేరు చాలా పెద్దది. 1982 డిసెంబర్ 23న హోనలూలూలో షామినాడ్ అనే చిన్న కాలేజీ, రాల్ఫ్ శాంప్సన్ ఆడుతున్న నంబర్ వన్ వర్జీనియాని 77-72తో ఓడించింది. ఆ గెలుపు చలవే 1984లో మొదలైన ఈ టోర్నీ.

ముందుగా ఒక లెక్క. ఆటలు మూడే, నువ్వు చదవాల్సిన జట్లు మాత్రం ఏడు. మొదటి రోజు ప్రత్యర్థి ఎవరో ముందే తెలుసు. రెండో రోజు మీకు తగిలేది మీ పక్క ఆటలో గెలిచినవాళ్ళో ఓడినవాళ్ళో, అంటే ఇద్దరిలో ఒకరు. మూడో రోజు డ్రాలో (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పట్టీలో) అవతలి సగంలో ఉన్న నాలుగు జట్లలో ఎవరైనా కావచ్చు. రేపు ఎవరితో ఆడాలో ఈ రాత్రే తేలుతుంది. అప్పుడు వీడియో వెతకడం మొదలుపెడితే తెల్లారిపోతుంది, కోచ్‌లు నిద్రలేని కళ్ళతో బెంచ్ మీద కూర్చుంటారు. అందుకే ఏడు ఫోల్డర్లూ విమానం ఎక్కకముందే సిద్ధం కావాలి. మొదటి జట్టుకి పూర్తి రిపోర్టు చెయ్యి. రెండో రోజు ఇద్దరికీ దాదాపు అంతే. మూడో రోజు నలుగురికి ఒక్కో పేజీ, పది పన్నెండు క్లిప్పులు చాలు. మిగతాది అక్కడే నింపుకోవచ్చు, ఎలాగో కింద చెప్తాను.

ఈ ఏడు ఫోల్డర్లతో అసలు తంటా సీజన్ ఇంకా పసిగుడ్డుగా ఉండడం. నవంబర్ మొదట్లో మొదలైన సీజన్ కదా, ఒక్కో జట్టువి నాలుగైదు ఆటలకి మించి చేతిలో ఉండవు, అవీ ఎక్కువగా సొంత గడ్డ మీద బలహీనులతో ఆడినవి. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్ళు కాలేజీ మారే పద్ధతి) పుణ్యమా అని సగం మంది ఆటగాళ్ళు కొత్తవాళ్ళు. కాబట్టి పనిని రెండుగా విడదియ్యి. కోచ్ మారకపోతే జట్టు పద్ధతికి నిరుటి వీడియో పనికొస్తుంది: బేస్‌లైన్ నుంచి, సైడ్‌లైన్ నుంచి బంతి లోపలికి వేసే ప్లేలు, ప్రెస్ (కోర్టంతా మీదపడి కాయడం) ఎప్పుడు వేస్తారు, బాల్ స్క్రీన్‌కి (బంతి ఉన్నవాణ్ణి కాచేవాడికి అడ్డు నిలబడడం) వాళ్ళ పొడగరి వెనక్కి తగ్గుతాడా, పైకి వస్తాడా, స్విచ్ చేస్తారా (కాచే మనుషుల్ని మార్చుకుంటారా). ఆటగాడి అలవాట్లకి అతని పాత కాలేజీ వీడియో చూడాలి. సినర్జీలో (ఆటల వీడియోలు దొరికే సాఫ్ట్‌వేర్) జట్టు పేరుతో కాకుండా మనిషి పేరుతో వెతుకు.

నాలుగాటల శాతాలు మోసం చేస్తాయి. 15 త్రీలలో (దూరం నుంచి కొట్టే మూడు పాయింట్ల షాట్లు) 9 వేసినవాణ్ణి 60 శాతం షూటర్ అని రిపోర్టులో రాయకు. అతని గత రెండేళ్ళ త్రీలు చూడు, ఫ్రీ త్రో (ఫౌల్‌కి దక్కే, ఎవరూ అడ్డుపడని షాట్) శాతం చూడు. ఫ్రీ త్రోలు 60 శాతం దాటనివాడు నవంబర్‌లో త్రీలు కొడుతున్నాడంటే అది నిలవడం అరుదు. జట్టు వేగాన్ని పాయింట్లతో కొలవకు, పొజెషన్లతో (బంతి చేతికొచ్చిన దఫాలతో) కొలువు: కొట్టిన షాట్లలోంచి అఫెన్సివ్ రీబౌండ్లు (తప్పిన తమ షాట్‌ని తామే పట్టుకున్నవి) తీసెయ్, టర్నోవర్లు (షాట్ పడకుండానే పోగొట్టుకున్న బంతులు) కలుపు, ఫ్రీ త్రో ప్రయత్నాల్ని 0.475తో హెచ్చవేసి కలుపు. 60 షాట్లు, 10 రీబౌండ్లు, 12 టర్నోవర్లు, 20 ఫ్రీ త్రోలు అయితే 71.5 వస్తుంది. ఓవర్‌టైమ్ ఆడిన ఆటైతే 40 నిమిషాలకి సరిచేసుకో, లేకపోతే నెమ్మది జట్టు కూడా దూకుడు జట్టులా కనిపిస్తుంది.

ఇక మౌయిలో దొరికే అరుదైన అవకాశం. మామూలుగా ఆ సీజన్‌లో ఎదురుపడబోయే జట్టు ఆటని కాలేజీ బయటికి వెళ్ళి స్వయంగా కూర్చుని చూసి నోట్ చేసుకోవడం ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) నిబంధనలు ఒప్పుకోవు. ఒకే టోర్నీలో, ఒకే చోట ఆడుతున్న జట్లకి మాత్రం మినహాయింపు ఉంది. చాలామంది హోటల్‌కి వెళ్ళిపోయి టీవీలో చూస్తారు. నువ్వు హాల్లోనే ఉండు. కెమెరా బంతి వెంట పోతుంది, నువ్వు పోవద్దు. పాయింట్ గార్డ్ చెయ్యి ఎత్తి ఏ సైగ చేశాడు, ఆ తర్వాత ఏ ప్లే నడిచింది, రెండూ పక్కపక్కనే రాసుకో. ఒకే సైగకి ఒకే ప్లే మూడుసార్లు వస్తే అప్పుడు కోచ్‌కి చెప్పు, ఒక్కసారికే చెప్పకు. వార్మప్‌లో ఎవరు మోకాలు సాగదీస్తున్నారు, ఎవరు ఎడమ కాలి మీద బరువు వెయ్యట్లేదు, టైమౌట్‌లో కోచ్ పలక ఎవరికి చూపిస్తున్నాడు, ఇవేవీ వీడియోలో దొరకవు. అయితే మీ ఆట అయిపోగానే వేరే ఆట చూడ్డానికి పరుగెత్తితే మీ వాళ్ళ నీళ్ళూ బట్టలూ చూసేదెవరు? ఇద్దరు మేనేజర్లుంటే ముందే పంచుకోండి.

ఆటగాళ్ళకి ఎంత చెప్పాలన్నది కోచ్ ఇష్టం. కానీ క్లిప్పులు కోసేది నువ్వు, కాబట్టి చెప్తున్నా. రెండో రోజు పన్నెండు నిమిషాలకి మించిన వీడియో ఎవరి తలకీ ఎక్కదు. ఎదుటి ముఖ్యమైన ఐదారుగురికి ఒక్కొక్కరికి మూడు క్లిప్పులు, జట్టుగా ఆపాల్సినవి మూడు విషయాలు. అంతకు మించితే కుర్రాళ్ళు తమ మనిషిని చూడడం మానేసి ప్లే గుర్తు తెచ్చుకుంటూ అర సెకను వెనకబడతారు.

ప్రాక్టీసుకి కోర్టు దొరికేది కొద్దిసేపే, అదీ మీరు కోరుకున్న వేళకి కాదు. అందుకని హోటల్ వాళ్ళని ముందే అడిగి ఒక బాంక్వెట్ హాలు మాట్లాడి పెట్టు. పెయింటర్లు వాడే నీలం టేపు నాలుగు చుట్టలు తీసుకెళ్ళు, కార్పెట్‌కి జిగురు అంటదు. బేస్‌లైన్ వేసి, లేన్ (బాస్కెట్ ముందుండే పెట్టె) 12 అడుగుల వెడల్పు, ఫ్రీ త్రో గీత బేస్‌లైన్ నుంచి 19 అడుగుల దగ్గర వెయ్యి. బాస్కెట్ నడిమధ్య నుంచి 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళాల తాడుతో త్రీ గీత తిప్పు. దూరాలు కళ్ళ లెక్కన వేస్తే కుర్రాళ్ళు తప్పు చోట్లు అలవాటు చేసుకుంటారు, ఆ పని చెయ్యకపోవడమే మేలు.

సామాన్ల సంగతి. తెల్ల, రంగు జెర్సీలు రెండు సెట్లూ ఉండాలి, ఏది వేసుకోవాలో డ్రాని బట్టి నిర్వాహకులు చెప్తారు, రోజుకొకటి మారొచ్చు. జెర్సీలు, ఆట బూట్లు చెక్-ఇన్ లగేజీలో వెయ్యనివ్వకు, చేతి సంచుల్లోనే రావాలి. బ్యాగు దారితప్పితే 15 సైజు బూటు మౌయిలో ఎక్కడ వెతుకుతావు? రక్తం అంటిన జెర్సీతో ఆడనివ్వరు, కాబట్టి రెండు రంగుల్లోనూ అదనపు నంబరు జెర్సీ ఒకటి పెట్టుకో. నంబరు మారితే కుర్రాణ్ణి లోపలికి పంపేముందు స్కోరర్‌కి చెప్పాలి. ఉతికేటప్పుడు చన్నీళ్ళు వాడు. సాఫ్ట్‌నర్ వెయ్యకు, బట్ట చెమట పీల్చడం మానేస్తుంది. డ్రయ్యర్ వేడి ఎక్కువైతే నంబర్ల అంచులు లేస్తాయి. హోటల్ లాండ్రీ రాత్రి మూసేస్తారేమో మొదటి రోజే కనుక్కో.

మీది తూర్పు తీరం జట్టు. హవాయి టైము మీకన్నా ఐదు గంటలు వెనక. సాయంత్రం ఆరున్నర ఆట కుర్రాళ్ళ ఒంటికి రాత్రి పదకొండున్నర. ఆ ఆట పడితే మధ్యాహ్నం గంటకి మించి పడుకోనివ్వకుండా ట్రైనర్‌కి గుర్తుచెయ్యి. ఆటకి ముందూ తర్వాతా బరువు చూసి, తగ్గిన ప్రతి కిలోకి లీటరున్నర ద్రవం తాగించడం ట్రైనర్ పని, బరువుల పట్టీ రాసిపెట్టడం నీ పని. మొదటి రోజు పట్టించుకోకపోతే దాని ఫలితం మూడో రోజు రెండో సగంలో కాళ్ళ నొప్పులుగా బయటపడుతుంది.

బెంచ్ మీద ఫౌల్స్, మిగిలిన టైమౌట్లు కాగితం మీద రాసి అసిస్టెంట్ కోచ్ కంటికి ఆనేలా పట్టుకో. ఒక సగంలో మీ ఏడో ఫౌల్‌తో ఎదుటి జట్టుకి ఒన్-అండ్-ఒన్ (మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది), పదో ఫౌల్‌తో రెండు ఫ్రీ త్రోలు. ఆ ముందు ఫౌల్ పడగానే నోటితో చెప్పు. రిఫరీ మీద కోపం నీకెంత వచ్చినా కుర్చీలోంచి లేవకు. 2024లో ఇక్కడే, వరసగా రెండేళ్ళ జాతీయ చాంపియన్ కనెక్టికట్ మెంఫిస్‌తో ఓవర్‌టైమ్‌లో 92-92 దగ్గర ఉండగా కనెక్టికట్ కోచ్ డాన్ హర్లీకి టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తనకి పడే ఫౌల్) పడింది. మెంఫిస్ నాలుగు ఫ్రీ త్రోలూ వేసి 99-97తో గెలిచింది. మర్నాడు కొలరాడో చేతిలో 73-72, ఆ మర్నాడు డేటన్ చేతిలో 85-67. మొదటి రెండు ఓటములూ కలిపి తేడా మూడు పాయింట్లే, మూడో రోజుకి జట్టులో ఊపిరి లేదు.

ఆ మూడో రోజు గురించే నాకు ఎక్కువ బెంగ. రెండూ ఓడినవాళ్ళు ఏడో స్థానం కోసం దాదాపు ఖాళీ హాల్లో ఆడతారు, సగం మనసు బీచ్ మీద ఉంటుంది. కానీ మార్చిలో జాతీయ టోర్నీకి జట్లని ఎంచే సెలెక్షన్ కమిటీ చూసే నెట్ ర్యాంకింగ్‌కి (ఎన్‌సీఏఏ జట్ల ర్యాంకుల లెక్క) ఆ ఖాళీ కుర్చీలు కనిపించవు. తటస్థ వేదికలో 1 నుంచి 50 లోపు ర్యాంకు జట్టుని ఓడిస్తే మొదటి క్వాడ్రంట్ గెలుపు, అంటే అన్నిటికన్నా విలువైన తరగతి గెలుపు. సొంత హాల్లో అదే దక్కాలంటే 30 లోపు జట్టు కావాలి. జనవరిలో కాన్ఫరెన్స్ ఆటలు మొదలయ్యాక ఇలాంటి తటస్థ అవకాశం దాదాపు రాదు. అందుకే ఆ నాలుగు ఒంటిపేజీ ఫోల్డర్లని నిర్లక్ష్యం చెయ్యకు. మంగళవారం రాత్రి అందరూ డీలాపడి ఉన్నప్పుడు, బుధవారం ప్రత్యర్థి క్లిప్పులు పది గంటలకల్లా కోచ్ టాబ్లెట్‌లో ఉంటే అదే నువ్వు జట్టుకి చేసే పెద్ద సాయం.

ఇంకొక మాట. 2023 ఆగస్టు మంటల్లో లహైనా ఊరు కాలిపోయింది. ఆ ఏడు టోర్నీని హోనలూలూకి మార్చారు, 2024లో తిరిగి తెచ్చారు. కాలిన వీధుల్లో కుర్రాళ్ళు ఫొటోలు దిగకుండా చూడు. హాల్లో పనిచేసేవాళ్ళలో ఇల్లు పోయినవాళ్ళు ఉండొచ్చు.

ఆట వేళలు తెలియగానే మీ అమ్మానాన్నలకి మన టైములో, తేదీతో సహా పంపు. అక్కడికి పదిహేనున్నర గంటలు కలపాలి: సోమవారం పొద్దున తొమ్మిదిన్నర ఆట విజయవాడలో సోమవారం అర్ధరాత్రి దాటాక, అంటే తేదీ ప్రకారం మంగళవారం, ఒంటిగంట, సాయంత్రం ఆరున్నర ఆట మంగళవారం పొద్దున పది.

ఇట్లు,
బాబాయ్